మార్టిన్ కార్థీ పాట వినడానికి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లలో గిటార్ పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, పాత పాటలంటే చెవి కోసుకునేవాళ్లూ ఉన్నారు, కానీ ఇంగ్లిష్ జానపదాలు పాడుకునే ఫోక్ క్లబ్ అనేసరికి "అది వాళ్ల వ్యవహారం, మనకెందుకులే" అని ఆగిపోతారు. ఇక్కడున్న ప్రశ్నలన్నీ అలా ఆగిపోయినవాళ్లు అడిగినవే. మార్టిన్ కార్థీని దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎందుకంటే ఒక్క గిటార్ పట్టుకుని ఒక్కరే కూర్చుని ఇంగ్లిష్ జానపదాలు పాడేవాళ్లలో నా దృష్టిలో ఆయన తర్వాతే ఎవరైనా. వేరే గాయకుడి కచేరీకి వెళ్తున్నా ఈ జవాబుల్లో సగానికి పైగా పనికొస్తాయి.

ఎవరీయన? పేరెప్పుడూ వినలేదే.

1941లో లండన్‌కి ఉత్తరాన హాట్‌ఫీల్డ్‌లో పుట్టి, లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పెరిగారు. చిన్నప్పుడు చర్చి గాయక బృందంలో పాడారు. కుర్రతనంలో అందరిలాగే స్కిఫిల్ (గిటార్‌కి తోడు ఇంట్లోని సామాన్లే వాయిద్యాలుగా కుర్రాళ్లు వాయించిన సంగీతం) మోజులో పడి, ఇంట్లో ఉన్న నాన్నగారి గిటార్ అందుకున్నారు. మలుపు ఎక్కడంటే, సామ్ లార్నర్ అనే నార్‌ఫోక్ జాలరి లండన్ క్లబ్బులో పాడుతుంటే విన్నప్పుడు. లార్నర్‌కి అప్పటికి ఎనభై ఏళ్లు దగ్గర పడ్డాయి, జీవితమంతా సముద్రం మీద చేపలు పట్టిన మనిషి, చేతిలో వాయిద్యం ఏదీ లేదు. ఆ ఒక్క రాత్రి తన జీవితాన్నే మార్చేసిందని కార్థీ చాలాసార్లు చెప్పారు.

ఆ తర్వాత లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లోని ట్రూబడోర్ అనే కాఫీ క్లబ్బులో పాడటం, 1965లో మొదటి ఆల్బమ్, ఫిడేలు విద్వాంసుడు డేవ్ స్వార్‌బ్రిక్‌తో జోడీ, 1970లో స్టీలై స్పాన్ అనే ఫోక్ రాక్ బృందంలో చేరి ఎలక్ట్రిక్ గిటార్ వాయించడం, 1972లో గాయని నోర్మా వాటర్‌సన్‌ని పెళ్లాడి ఆమె కుటుంబ బృందంలో చేరడం. కూతురు ఎలైజా కార్థీ కూడా పేరున్న ఫిడేలు కళాకారిణి, గాయని. 1998లో ఎంబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ పురస్కారం వచ్చింది, 2014లో బీబీసీ రేడియో 2 ఫోక్ అవార్డుల్లో జీవన సాఫల్య పురస్కారం ఇచ్చారు. ఇన్ని వచ్చినా పబ్బు మేడ మీది గదిలో యాభై అరవై మంది ముందు పాడటం మానలేదు. ఆ సంగతి నాకు అవార్డులన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇది గిటార్ కచేరీయా, పాట కచేరీయా?

పాట కచేరీ. ఈ సంగతి ముందే మనసులో పెట్టుకుని వెళ్లండి, లేకపోతే గిటార్ అభిమానులు నిరాశపడతారు. వేళ్లు మెరుపులా పరిగెత్తే సోలోల కోసం చూస్తూ కూర్చుంటే అసలు విషయం చెయ్యి జారిపోతుంది. కార్థీ గిటార్ గొంతు వెనకాలే నడుస్తుంది. మాట ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది, పాదం సాగితే తానూ సాగుతుంది, లయ లెక్క కోసం మాటని తొందరపెట్టదు. చాలా పాత పాటల్లో ఒక్కో చరణంలో అక్షరాలు ఒక్కోలా ఉంటాయి, పాడేవాడు ఊపిరి తీసుకునే చోటు మారుతూ ఉంటుంది. మామూలు గిటారిస్టు వాటన్నిటినీ నాలుగు దెబ్బల తాళంలోకి కుదించేస్తాడు. ఈయన కుదించరు, గిటారే సర్దుకుంటుంది. బొటనవేలితో బొంగురు తీగని గట్టిగా, దాదాపు డప్పు మీద కొట్టినట్టు కొడుతూ, మిగతా వేళ్లతో పాట వరసనే వాయిస్తారు. గొంతు, గిటార్ ఒకే వరసని పక్కపక్కనే చెబుతుంటాయి, అక్కడక్కడ ఒకటి కాస్త ముందు, ఇంకొకటి కాస్త వెనక.

ఆయన ట్యూనింగ్ వేరట కదా? అందులో అంత విశేషం ఏముంది?

ఇది మన సంగీతం కొద్దిగా తెలిసినవాళ్లకి భలే నచ్చే విషయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మామూలు గిటార్ తీగలు బొంగురు తీగ నుంచి సన్న తీగ దాకా ఈ, ఏ, డి, జి, బి, ఈ. కార్థీ ఏళ్ల తరబడి మార్చుకుంటూ మార్చుకుంటూ చివరికి సి, జి, సి, డి, జి, ఏ దగ్గర స్థిరపడ్డారు. సి ని షడ్జమం అనుకుని మన స్వరాల్లో చెప్పుకోండి: స, ప, స, రి, ప, ద. ఏది లేదో చూశారా? గాంధారం లేదు. పాశ్చాత్య సంగీతంలో ఒక వరస మేజరా మైనరా అని తేల్చేది ఆ గాంధారమే. అది తీగల్లో లేకపోవడంతో గిటార్ ఏ పక్షమూ తీసుకోదు, పాట ఎటు వెళ్తే అటు వెళ్తుంది. ఇంగ్లిష్ పాత పాటల్లో చాలావాటికి మేజర్, మైనర్ అనే రెండు గళ్లూ సరిపోవు, వాటి స్వర వరసలు వేరు, కొన్నిటిని వింటుంటే మనకి ఖరహరప్రియ ఛాయ తగులుతుంది. అలాంటి పాట కింద మామూలు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) పరిస్తే దాని రంగు పోతుంది. కింద స-ప-స మోగుతూ ఉంటే శ్రుతి వేసినట్టే ఉంటుంది, దాని మీద పాట హాయిగా నడుస్తుంది.

ఇంకో సంగతి. ఈ ట్యూనింగ్‌లో అన్నిటికంటే సన్నని తీగ మామూలు కంటే ఏడు అర్ధస్వరాలు కిందకి దిగుతుంది. మామూలు తీగ అయితే వదులైపోయి గలగలమంటుంది, అందుకే లావు తీగలు వేసుకోవాలి. మీరు ఇంట్లో ప్రయత్నించాలనుకుంటే ముందు ఆ తీగలు కొనుక్కోండి. ఆయన వాయించేది మార్టిన్ కంపెనీ వాళ్ల 000-18 గిటార్, అది పెద్దగా మోగే భారీ గిటార్ కాదు, నడుము సన్నగా ఉండే చిన్న మోడల్. ఆయన పేరు మీద ఆ కంపెనీ ప్రత్యేకంగా ఒక మోడల్ కూడా చేసింది.

పాటకీ పాటకీ మధ్య తీగలు సరిచేస్తూ అంత సేపు కూర్చుంటారేంటి?

కిందకి దింపిన తీగలు, వెచ్చటి గది, నిండా జనం. తీగ నిలవదు. ఆ సమయంలోనే పాట ఎక్కడిదో, ఎవరు పాడగా ఎవరు రాసుకున్నారో చెబుతుంటారు. ఆ మాటలు వినండి, కచేరీలో అవీ భాగమే. మీ ఫోన్ చూసుకోవడానికి దొరికిన ఖాళీ అనుకోకండి.

పాటలు ఆయన రాసినవేనా?

చాలావరకు కావు. రాసినవాళ్ల పేరు తెలియని పాటలే ఎక్కువ. ఇవి ఎలా బతికాయో తెలిస్తే వినడంలో రుచి పెరుగుతుంది. 1903లో సెసిల్ షార్ప్ అనే సంగీత ఉపాధ్యాయుడు సోమర్‌సెట్‌లోని హాంబ్రిడ్జ్ ఊళ్లో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పాడుతున్న పాట విని రాసుకున్నారు, అక్కణ్ణుంచి ఆయన జీవితాంతం పాటల వేటే. 1906లో పెర్సీ గ్రెయింజర్ ఫోనోగ్రాఫ్ పట్టుకుని లింకన్‌షైర్‌కి వెళ్లి పల్లె గాయకుల గొంతులు మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశారు. వాళ్లలో జోసఫ్ టేలర్ గొంతు ఇప్పటికీ వినొచ్చు. గరగరల మధ్యనుంచి వచ్చే ఆ గొంతులో గమకాలు, విరుపులు చూస్తే, వయసు మళ్లిన పల్లెటూరివాళ్లు ఎంత శ్రద్ధగా పాడేవారో తెలుస్తుంది. అంతకుముందే అమెరికాలో ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే ఆచార్యుడు 305 కథాగేయాలని వాటి పాఠాంతరాలతో సహా 1882 నుంచి 1898 దాకా అచ్చు వేశారు. ఫోక్ జనం "చైల్డ్ నంబర్ ఇంత" అని మాట్లాడుకుంటుంటే కంగారు పడకండి, ఆ పుస్తకంలో ఉన్న నంబరే అది.

మన దగ్గర బిరుదురాజు రామరాజుగారు 1950ల్లో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి, ఊళ్లు తిరిగి పాటలు సేకరించారు కదా, అదే తపన. నేదునూరి గంగాధరంగారు కూడా అంతే. వాళ్ల పని విలువ నాకు ఇక్కడ ఈ పాటలు వింటున్నప్పుడే బాగా అర్థమైంది, ఎందుకంటే రాసుకున్నవాళ్లు లేకపోతే ఇవాళ పాడటానికి కార్థీ చేతిలో ఏమీ ఉండేది కాదు.

స్కార్బరో ఫెయిర్ గొడవేంటి?

అందరూ అడిగేది ఇదే. సైమన్ అండ్ గార్‌ఫంకల్ అనే అమెరికన్ జోడీ పాడిన ఆ పాట మీకు తెలిసే ఉంటుంది. పాత సంప్రదాయ గీతం, చైల్డ్ సంకలనంలో రెండో నంబరు కుటుంబానికి చెందింది. కుట్టు లేకుండా చొక్కా కుట్టమని, సముద్రానికీ ఒడ్డుకీ మధ్య ఎకరం నేల చూపించమని ప్రేమికులు ఒకరికొకరు జరగని పనులు అప్పజెప్పుకునే పాట. దానికి కార్థీ చేసిన గిటార్ అమరిక 1965లో ఆయన మొదటి ఆల్బమ్‌లో వచ్చింది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఉంటున్న, ఆ జోడీలో ఒకరైన పాల్ సైమన్‌కి ఈయనే పాట రాసి ఇచ్చారు. 1966లో సైమన్ వాళ్ల రికార్డు వచ్చినప్పుడు దాని మీద కార్థీ పేరు లేదు. ప్రపంచమంతా ఆ పాట మోగింది, ఈయనకి చాలా ఏళ్లు మనసు కష్టపడింది. చివరికి 2000లో లండన్‌లోని హామర్‌స్మిత్ అపోలోలో సైమన్ ఆయన్ని వేదిక మీదకి పిలిచారు, ఇద్దరూ కలిసి ఆ పాట పాడారు. అక్కడితో అది ముగిసింది.

నా అభిప్రాయం అడిగితే: పాట ఎవరిదీ కాదు, నిజమే, కానీ అమరిక ఒకరిది. పేరు వేయడానికి ఖర్చేమీ కాదు, వేసి ఉండాల్సింది. మన జానపదాలు సినిమాల్లోకి వచ్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, పాడి ఇచ్చిన పల్లె గాయని పేరు ఎక్కడా కనపడదు.

దయచేసి కచేరీలో "స్కార్బరో ఫెయిర్!" అని అరవకండి. పాడాలనిపిస్తే ఆయనే పాడతారు.

బాబ్ డిలన్‌తో కలిసి పియానోని కత్తితో నరికారంటారు, నిజమేనా?

కార్థీ స్వయంగా చెప్పిన సంగతే. 1962 డిసెంబరులో అమెరికన్ గాయకుడు డిలన్ బీబీసీ టీవీ నాటకం కోసం లండన్ వచ్చారు, అప్పటికి ఆయన ఇక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు. ఫోక్ క్లబ్బులన్నీ తిరిగారు, కార్థీతో స్నేహం కలిసింది. ఆ చలికాలం ఇంగ్లండ్‌లో భయంకరమైన చలి, వారాల తరబడి మంచు కరగలేదు. కార్థీ ఇంట్లో పాడైపోయిన పాత పియానో ఒకటి ఉంటే, దాన్ని సమురాయ్ కత్తితో ముక్కలు చేసి పొయ్యిలో వేసుకున్నారు. డిలన్ 1963 ఆల్బమ్ అట్ట మీది రాతల్లో కార్థీ పేరు ఉంటుంది, ఆయన దగ్గర విన్న పాత వరసలు డిలన్ పాటల్లోకి వచ్చాయి.

పబ్‌లో జరుగుతుందట. మేం మందు ముట్టం. ఇబ్బందా?

ఏ ఇబ్బందీ లేదు. చాలా ఫోక్ క్లబ్బులు పబ్బు మేడ మీదో వెనక గదిలోనో నడుస్తాయి, కింద బారులో ఏం జరుగుతున్నా పై గది వేరే లోకం. లైమ్ అండ్ సోడా తీసుకుని కూర్చోండి, ఎవరూ అడగరు. శాకాహారులైతే ఇంట్లో తినేసి వెళ్లడం మంచిది, చాలా చోట్ల చిప్స్ ప్యాకెట్టు మించి ఏమీ దొరకదు.

పబ్బు వద్దనుకుంటే ఆర్ట్స్ సెంటర్లు, చర్చి హాళ్లు, లైబ్రరీల్లో కూడా ఇలాంటి కచేరీలు జరుగుతాయి. లండన్‌లో ఉన్నవాళ్లు ఒక్కసారైనా క్యామ్‌డెన్ దగ్గర రీజెంట్స్ పార్క్ రోడ్డులోని సెసిల్ షార్ప్ హౌస్‌కి వెళ్లండి. 1930లో కట్టిన భవనం, ఇంగ్లిష్ జానపద నృత్య గీత సంఘం ఉండేది అక్కడే. లోపలి వాన్ విలియమ్స్ లైబ్రరీలో ఈ పాటల చేతిరాత ప్రతులు, పుస్తకాలు, రికార్డులు ఉన్నాయి. పాటలు ఇష్టపడే మనిషికి ఒక రోజు సరిపోదు.

సాయంత్రం ఎలా నడుస్తుంది?

సాధారణంగా ఏడున్నరకి తలుపులు తీస్తారు, ఎనిమిదికి మొదలు, పదిన్నర ప్రాంతంలో ముగింపు. ముందు నిర్వాహకులు లేచి నాలుగు మాటలు చెబుతారు, తర్వాత ఆ ఊరి పాటగాళ్లు ఇద్దరో ముగ్గురో చెరొక పాట పాడతారు, వాళ్లని ఫ్లోర్ సింగర్లు అంటారు. అప్పుడు అతిథి, ముప్పావు గంట. ఇంటర్వెల్. రాఫిల్ (చిన్న లాటరీ) టికెట్లు అమ్ముతారు, ఒక వరస కొనండి, క్లబ్బు గది అద్దె చాలాసార్లు ఆ డబ్బులతోనే గట్టెక్కుతుంది. బహుమతి ఒక వైన్ సీసానో చాక్లెట్ డబ్బానో ఉంటుంది. తర్వాత మళ్లీ స్థానికుల పాట, మళ్లీ అతిథి.

ఫ్లోర్ సింగర్లు పాడుతున్నప్పుడు "అసలాయన ఇంకా రాలేదుగా" అని మాట్లాడుకోకండి. కార్థీ గదిలోనే ఉంటారు, వెనక వరసలో కూర్చుని వాళ్ల పాట వింటూ ఉంటారు.

సీటు నంబర్లు ఉంటాయా?

క్లబ్బుల్లో ఉండవు. ముందు వచ్చినవాళ్లకి ముందు కుర్చీ. గిటార్ నేర్చుకుంటున్నవాళ్లు ఎదురుగా కాకుండా కాస్త ఎడమ పక్కగా, కుడి చెయ్యి బాగా కనిపించే చోట కూర్చోండి. ఆయన బొటనవేలు చూస్తే చాలు, ఇంటర్నెట్ పాఠాల్లో దొరకనిది దొరుకుతుంది. పేరున్న అతిథి అయితే టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి క్లబ్బుకి ఫోన్ చేసి అడగండి, కొన్ని చోట్ల కార్డు పనిచేయదు, నగదు పెట్టుకోండి.

ఆ యాస, ఆ పాత ఇంగ్లిష్ మాకు అర్థమవుతుందా?

మొదటిసారి మొత్తం అర్థం కాదు, ఇంగ్లిష్‌వాళ్లకి కూడా కాదు. పది నిమిషాల కథాగేయంలో ఎవరు ఎవర్ని చంపారో మధ్యలో తప్పిపోవడం సహజం. కాకపోతే ఈ పాటల్లో కథ చెప్పే తీరు మనకి కొత్తేమీ కాదు: అదే పాదం మళ్లీ మళ్లీ వస్తుంది, ఒక్క మాట మారుతుంది, ఆ మారిన మాటలో కథ ముందుకి జరుగుతుంది. అది పట్టుకుంటే మిగతాది దానంతటదే వస్తుంది. ముందు రోజు రాత్రి ఆయన ఆల్బమ్ ఒకటి పెట్టుకుని, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని రెండు పాటలు వినండి. రెండు చాలు.

కోరస్ అందరూ పాడతారట. మేమూ పాడాలా?

పాడండి! దీనికి టెన్షన్ పడేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. బుర్రకథలో పక్కనున్నవాళ్లు వంత పాడకపోతే కథకుడి పాట ఎలా చప్పబడిపోతుందో ఇక్కడా అంతే, గదిలో జనం గొంతు కలపకపోతే ఆ పాట సగమే. ఎవరూ నేర్పరు, తెర మీద అక్షరాలు రావు. మొదటి చరణం తర్వాత కోరస్ వినండి, రెండోసారి పెదవులు కదపండి, మూడోసారికి వచ్చేస్తుంది. మీ పక్కన డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఎక్కణ్ణుంచో కింది స్థాయి స్వరం ఎత్తుకుంటుంది, వెనకనుంచి ఇంకెవరో పై స్వరం పట్టుకుంటారు, మైకు లేకుండానే గది మొత్తం మోగుతుంది. శ్రుతి కాస్త అటూ ఇటూ అయితే ఎవరూ తిరిగి చూడరు.

కోరస్ లేని పాటలప్పుడు మాత్రం నిశ్శబ్దం. చరణాల మధ్య చప్పట్లు కొట్టరు, "వహ్వా" అనరు, పాట మధ్యలో లోపలికి రారు, బయటికి పోరు. ఆలస్యమైతే తలుపు బయట నిలబడి, పాట అయ్యాక లోపలికి రండి.

వీడియో తీసుకోవచ్చా?

అడగండి. అడగకుండా మాత్రం వద్దు. చిన్న చీకటి గదిలో మీ ఫోన్ వెలుగు ఆయన కళ్లలోనే పడుతుంది.

పిల్లల్ని తీసుకురావొచ్చా?

రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, పబ్బు అయితే లైసెన్సు నిబంధనలు ఉంటాయి, చాలా చోట్ల రాత్రి ఒక సమయం దాటాక పిల్లల్ని ఉండనివ్వరు, ముందే కనుక్కోండి. రెండు, పాటల్లో హత్యలు, మోసపోయిన ఆడపిల్లలు, ఉరికొయ్యలు, మునిగిపోయిన ఓడలు అన్నీ ఉంటాయి. మన జానపదాల్లోనూ ఉంటాయి గానీ ఇక్కడ దాచిపెట్టకుండా చెబుతారు. పన్నెండేళ్లు దాటిన పిల్లలైతే ఇబ్బంది లేదని నా అభిప్రాయం. చిన్నపిల్లలకి వేసవిలో జరిగే ఫోక్ ఉత్సవాలు మేలు, పగటిపూట ఆరుబయట పరిగెత్తుకుంటూ వింటారు.

ఆయన వయసు ఎనభై దాటింది. ఇప్పుడు వినడం దండగేమో?

ఈ మాట నాతో చాలామంది అన్నారు, నేను ఒప్పుకోను. గొంతు పాతికేళ్లప్పటిలా ఉండదు, మాట అక్కడక్కడ తడబడొచ్చు, తీగ వెతుక్కోవాల్సి రావొచ్చు. కానీ అరవై ఏళ్లు ఒకే పాటతో సావాసం చేసిన మనిషి ఆ పాటని చెప్పే తీరు ఇంకెక్కడా దొరకదు. ఆయన్ని మార్చేసిన లార్నర్ కూడా ముసలాయనే కదా. 2022లో భార్య నోర్మా పోయారు, ఆ తర్వాత కూడా కార్థీ పాట ఆపలేదు. 2025లో తన 84వ పుట్టినరోజునే కొత్త ఆల్బమ్ తెచ్చారు, 1965 నాటి మొదటి ఆల్బమ్ పాటల్లో చాలావాటిని మళ్లీ పాడి. అది ఆ ఏడాది మెర్క్యురీ ప్రైజ్ (ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే బ్రిటిష్ బహుమతి) తుది జాబితాలోకి వెళ్లింది. రెండు ఆల్బమ్‌లూ పక్కపక్కన పెట్టుకుని ఒకే పాటని రెండిటిలో వినండి. మొదటిదాంట్లో కుర్రాడు పాటని మోసుకెళ్తుంటాడు, రెండోదాంట్లో తొందర అన్నది ఎక్కడా లేదు.

ఈ వయసులో కార్యక్రమాలు తగ్గడం, మారడం మామూలే కాబట్టి బయల్దేరే ముందు తేదీ ఒకసారి చూసుకోండి.

ఆయన దొరక్కపోతే ఎవరిని వినాలి?

స్కన్‌థోర్ప్‌లో పుట్టిన మార్టిన్ సింప్సన్‌ని వినండి, గిటార్ కోసమే వెళ్లేవాళ్లకి ఆయనే సరైన మనిషి. రిచర్డ్ థామ్సన్ ఒక్కరే అకూస్టిక్ గిటార్‌తో చేసే కచేరీ దొరికితే వదలొద్దు, ఆయన పాటలు చాలావరకు సొంతవి. రికార్డుల్లో అయితే నిక్ జోన్స్. 1982లో కారు ప్రమాదం ఆయన గిటార్‌ని ఆపేసింది, కానీ అంతకుముందు చేసినవి వింటే ఆ కుడిచేతి పట్టు చూసి ఆశ్చర్యపోతారు.

సితార్, డోలు కూడా ఉంటాయన్నారు?

కార్థీ ఒక్కరే పాడే సాయంత్రాల్లో ఉండవు. 2007లో ఇమాజిన్డ్ విలేజ్ అనే బృందం మొదటి ఆల్బమ్ వచ్చింది, అందులో కార్థీ తండ్రీకూతుళ్లతో పాటు షీమా ముఖర్జీ సితార్, జానీ కల్సీ డోలు వాయించారు. ఇంగ్లండ్ జానపదం అంటే ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లందరిదీ అనేది వాళ్ల ఉద్దేశం. ఈ దేశంలో ఉంటున్న తెలుగువాళ్లు ముందుగా వినాల్సింది ఆ రికార్డులే అంటాను.

మనం కూడా ఫ్లోర్ సింగర్‌గా పాడొచ్చా? తెలుగులో?

పాడొచ్చు. అతిథి లేని రోజుల్లో సింగర్స్ నైట్ పెడతారు, ముందు దానికి వెళ్లండి. నిర్వాహకులకి పేరు చెప్పండి, వంతు వచ్చాక లేచి పాట గురించి రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో చెప్పండి: ఏ ఊరి పాట, ఏ పని చేస్తూ పాడతారు, మీకెవరు నేర్పారు. నాట్ల పాటో, దంపుళ్ల పాటో, అమ్మమ్మ దగ్గర విన్న ఏదైనా సరే. కరోకే ట్రాక్ వద్దు, ఫోన్‌లో శ్రుతి కూడా అక్కర్లేదు, ఉత్త గొంతుతో పాడండి. పల్లవి చిన్నదైతే వాళ్లకి రెండుసార్లు చెప్పి పాడించండి, నోరు తిరగకపోయినా పాడతారు. మూడు నాలుగు నిమిషాలు మించొద్దు, మీ తర్వాత ఇంకా జనం ఉంటారు.